నలుగురిలో కూర్చుని బొమ్మ గీయాలంటే: బెరుకు పోగొట్టుకోవడం, స్కెచ్ బుక్ నింపడం

ఇంట్లో బల్ల దగ్గర హాయిగా సాగే చెయ్యి, వీధిలోకి వచ్చి పుస్తకం తెరవగానే బిగుసుకుపోతుంది. వెనక ఎవరో నిలబడ్డారనిపిస్తుంది. మన ఊళ్లలో నిజంగానే నిలబడతారు కూడా. రోడ్డు పక్కన పుస్తకం పట్టుకుని గీస్తుంటే ఒకరు ఆగి తొంగిచూడడం, వాళ్లని చూసి ఇంకో ఇద్దరు ఆగడం మామూలే. "పట్టించుకోకండి" అన్న సలహా ఇక్కడ పనికిరాదు. పట్టించుకోకుండా ఉండలేకపోవడమే కదా అసలు ఇబ్బంది.

ఈ బెరుకులో మూడు భయాలు కలగలిసి ఉంటాయి. బొమ్మ పాడవుతుందేమో, చూసినవాళ్లు ఏమనుకుంటారో, మనం గీస్తున్న మనిషికి కోపం వస్తుందేమో. మొదటిదాని మందు పుస్తకం వాడే తీరులో ఉంది. రెండోదానిది కూర్చునే చోటులో, మూడోదానిది నాలుగు మంచి మాటల్లో. మూడూ ముందుగా అమర్చుకోగలిగినవే. ధైర్యం వచ్చాక వెళ్దాంలే అని ఆగితే ఏళ్లు గడిచిపోతాయి. చోటు, టైము, పుస్తకం సైజు మార్చుకోవడం మాత్రం ఈ సాయంత్రమే చేయొచ్చు.

సంచిలో ఏముండాలి

వీలైనంత తక్కువ. ఒక పుస్తకం, రెండు పెన్నులు, రెండు క్లిప్పులు. అంతే.

పుస్తకం ఏ5 సైజు (148 × 210 మిల్లీమీటర్లు) లేదా అందులో సగం ఉండే ఏ6 తీసుకోండి. బెరుకు బాగా ఎక్కువగా ఉన్నవాళ్లకి ఏ6 మేలు. అరచేతిలో పట్టేస్తుంది, దూరం నుంచి చూసేవాళ్లకి చిట్టా రాసుకుంటున్నట్టే కనిపిస్తుంది, పేజీ పది నిమిషాల్లో నిండుతుంది. ఏ4 పుస్తకం ఒళ్లో పరిచారంటే వీధి మొత్తానికి బోర్డు కట్టినట్టే. చిన్న కాగితం మీద గీయడం తక్కువతనమని అనుకోకండి. బెంగాల్ చిత్రకారుడు నందలాల్ బోస్ పోస్టుకార్డుల మీద ఎన్నెన్నో బొమ్మలు వేసి స్నేహితులకీ శిష్యులకీ పంపారు. మన పోస్టుకార్డు 14 × 9 సెంటీమీటర్లే.

కాగితం ఎంత దళసరో జీఎస్ఎం (చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాముల బరువో) అనే లెక్కలో అట్ట వెనక రాసి ఉంటుంది. మామూలు నోటుబుక్కు 60, 70 దగ్గర ఉంటుంది. అందులో ఇంకు పెన్నుతో గీస్తే వెనక పేజీకి దిగుతుంది. పెన్సిలుకీ పెన్నుకీ 100 నుంచి 120 చాలు. నీళ్ల రంగు పల్చగా పూయాలంటే 160 నుంచి 200 ఉండాలి, లేకపోతే కాగితం అలలు తిరుగుతుంది. 300 జీఎస్ఎం పుస్తకాలు నీళ్ల రంగులకి ఎంతో బాగుంటాయి కానీ, మొదటి పుస్తకంగా వద్దు. ఖరీదు చూసి చెయ్యి ఆడదు.

బైండింగు సంగతి కూడా చూడండి. స్పైరల్ పుస్తకం పూర్తిగా వెనక్కి మడుస్తుంది, నిలబడి గీయడానికి సుఖం. కుట్టు బైండింగులో రెండు పేజీలూ కలిపి వెడల్పు బొమ్మ వేసుకోవచ్చు. జిగురుతో అంటించిన చౌక పుస్తకాలు ఎండలో పదిసార్లు తెరిచేసరికి ఆకులు ఊడిపోతాయి.

పెన్నుల విషయంలో తరచూ జరిగే పొరపాటొకటి ఉంది. ఇంట్లో ఉన్న జెల్ పెన్నుతో గీసి, దాని మీద నీళ్ల కుంచె పెడతారు. గీతంతా కరిగి మురికి నీలమవుతుంది. రంగు వేయాలంటే నీటికి కరగని పిగ్మెంట్ ఇంకు పెన్ను కావాలి, 0.3 మిల్లీమీటర్ల మొనది ఒకటి, 0.5ది ఒకటి ఉంటే చాలు. రంగు వేయకపోతే మామూలు బాల్ పెన్ను మంచి నేస్తం. దాని ఇంకు నూనెతో చేసింది కాబట్టి నీటికి చప్పున చెదరదు, నొక్కితే ముదురుగా, తేలిగ్గా ఆనిస్తే పొగలా గీత వస్తుంది. పైగా బాల్ పెన్ను పట్టుకున్న మనిషిని వీధిలో ఎవరూ వింతగా చూడరు. ఫౌంటెన్ పెన్ను వాడే అలవాటున్నవాళ్లకి ఇంకో సౌకర్యం: మామూలు సిరాతో గీసి తడి వేలితో రుద్దితే ఆ కరిగిన సిరాయే నీడ అవుతుంది.

రబ్బరు ఇంట్లో వదిలేయండి. చెరిపేకొద్దీ టైము పెరుగుతుంది, చూసేవాళ్లకి "తప్పు వేశాడు" అని మనమే చెప్పినట్టవుతుంది. గీత తప్పితే పక్కనే ఇంకో గీత వేయండి. రెండు గీతల మధ్య సరైనదాన్ని చూసేవాళ్ల కన్నే ఎంచుకుంటుంది.

క్లిప్పులు గాలికి పేజీ ఎగరకుండా ఆపుతాయి. పెన్సిలు వాడేవాళ్లకి ఇంకో పని కూడా చేస్తాయి. సంచిలో పేజీలు ఒకదానికొకటి రాసుకోవడం వల్లే పెన్సిలు గీతలు మసకబారతాయి, క్లిప్పు పెడితే ఆ కదలిక ఆగుతుంది.

కొత్త పుస్తకం తెల్లగా భయపెడితే

మొదటి పేజీ దగ్గరే ఆగిపోయిన స్కెచ్ బుక్కులు ఇళ్ల అల్మారాల్లో ఎన్ని ఉంటాయో. దానికి విరుగుడు తేలిక. మొదటి పేజీని బొమ్మకి ఇవ్వొద్దు. మీ పేరు, మొదలుపెట్టిన తేదీ రాయండి. మిగతా చోటంతా మీ దగ్గరున్న పెన్నులన్నిటితో గీతలు గీసి, తడి వేలితో రుద్ది చూడండి. ఏది కరుగుతుందో, ఏది వెనక పేజీకి దిగుతుందో అక్కడే తెలిసిపోతుంది. పుస్తకం మైల పడింది, పని కూడా అయింది.

తర్వాత పేజీలన్నిటికీ మూలలో నంబర్లు వేయండి. ఇది చాదస్తంలా అనిపిస్తుంది గానీ, నంబరు పడిన పేజీని చింపబుద్ధి కాదు. కుట్టు బైండింగులో చింపకూడదనడానికి ఇంకో కారణం ఉంది: అందులో ఒకే కాగితం మధ్యకి మడిచి రెండు ఆకులుగా కుడతారు. ఒక ఆకు చింపితే దాని జత ఆకు నాలుగు రోజుల్లో వదులై ఊడి వస్తుంది. నచ్చని బొమ్మ మీద ఆ రోజు బస్సు టికెట్టో, టిఫిన్ బిల్లో అంటించండి.

పేజీ పెద్దదిగా అనిపిస్తే అందులో 6 × 9 సెంటీమీటర్ల డబ్బాలు నాలుగు గీసుకోండి, స్కేలు అక్కర్లేదు. ఒక్కో డబ్బాకి ఐదు నిమిషాలు. ఒకటి చెడినా మూడు ఉంటాయి. ఇంటి దగ్గరే డబ్బాలు గీసుకుని బయల్దేరితే మంచిది. వీధిలో కూర్చున్నాక ఖాళీ పేజీ కాకుండా, నింపాల్సిన డబ్బా కనిపిస్తుంది.

ప్రతి బొమ్మ పక్కన తేదీ, చోటు, టైము రాయండి. సగంలో ఆగితే ఎందుకు ఆగిందో కూడా రాయండి: "బస్సు వచ్చింది", "వాన", "అతను టీ తాగి వెళ్లిపోయాడు". ఆ ముక్క రాసేసరికి సగం బొమ్మ కూడా పూర్తయిన పేజీలా కుదురుకుంటుంది. వీధి బొమ్మల్లో సగానికి పైగా సగంలోనే ఆగుతాయి, వాటిని అలాగే ఉండనివ్వాలి. ఫోటో తీసుకుని ఇంట్లో పూర్తి చేద్దామనుకుంటారు కానీ, ఆ కలిపిన భాగం అతుకులా తెలిసిపోతుంది.

ఒక్కో మెట్టూ

గీసే చోట్లని తేలికైనదాని నుంచి కష్టమైనదాకా ఆరు మెట్లుగా పెట్టుకుందాం. ఒక్కో మెట్టు మీద కనీసం మూడుసార్లు గీశాకే పైకి వెళ్లండి. ఏ మెట్టు మీదైనా చెమటలు పట్టి పారిపోవాలనిపిస్తే ఒక్క నియమం: మొదటి పది నిమిషాలు లేవకూడదు. బొమ్మ ఆపేసినా ఫర్వాలేదు, కూర్చోవడం ఆపొద్దు. గుండె దడ మొదటి నిమిషాల్లో పెరుగుతుంది, కాసేపటికి దానంతటదే దిగుతుంది. పెరిగినప్పుడే లేచి వచ్చేస్తే, అది దిగుతుందన్న సంగతి ఒంటికి ఎప్పటికీ తెలియదు. మర్నాడు ఇంకా కష్టమవుతుంది.

మొదటి మెట్టు, కిటికీ. ఇంట్లోంచి బయటికి కనిపించేది గీయండి. ఎదురింటి నీళ్ల ట్యాంకు, కరెంటు స్తంభం, ఆరేసిన బట్టలు. ఇక్కడ నేర్చుకోవాల్సింది బొమ్మ కంటే ముందు టైము. ఫోనులో ఐదు నిమిషాల అలారం పెట్టి, మోగగానే ఆపేయాలి.

రెండోది, మేడ మీద లేదా గుమ్మం అరుగు మీద. ఇరుగుపొరుగు కనిపిస్తారు, పలకరిస్తారు. తెలిసినవాళ్ల ముందు గీయడం ముక్కూమొహం తెలియనివాళ్ల ముందు గీయడం కంటే కష్టమని చాలామందికి ఇక్కడే తెలుస్తుంది. అలాంటివాళ్లు ఈ మెట్టు దాటేసి మూడోదానికి వెళ్లిపోవచ్చు.

మూడోది, అందరూ ఖాళీగా ఎదురుచూసే చోటు. బస్టాండు, రైల్వే స్టేషన్ వెయిటింగ్ హాలు, మెకానిక్ షాపు బెంచీ. ఇక్కడ కూర్చోవడానికి కారణం చెప్పుకోనక్కర్లేదు. నలుగురితో పాటు మీరూ ఎదురుచూస్తున్నారు. అందరి తలలూ ఫోనుల్లో వంగి ఉంటాయి, భంగిమ పది నిమిషాలైనా మారదు. కొత్తవాళ్లకి ఇంతకంటే మంచి మోడళ్లు దొరకరు.

నాలుగోది, టీ కొట్టు లేదా ఇరానీ హోటలు. ఒక టీ చెప్పి గోడవైపు బల్ల చూసుకోండి. ముందు గ్లాసు గీయండి, తర్వాత బల్ల అంచు, తర్వాత ఎదుటి కుర్చీ, ఆ తర్వాతే మనుషులు. దగ్గరనుంచి దూరానికి వెళ్తే చూపు తలెత్తడానికి టైము దొరుకుతుంది. రద్దీ వేళ బల్ల ఆక్రమించి కూర్చోవద్దు. మధ్యాహ్నం మూడున్నర ప్రాంతంలో చాలా హోటళ్లు ఖాళీగా ఉంటాయి.

ఐదోది, రోడ్డు పక్క. ఆరోది, రైతుబజారు లాంటి రద్దీ చోట్లు. ఈ రెంటికీ ఏ చోట కూర్చుంటామన్నదే ప్రాణం.

కూర్చునే చోటు

వీపు వెనక గోడో, స్తంభమో, చెట్టు మొదలో ఉండాలి. తొంగిచూసేవాళ్లకి చోటు లేకపోతే బెరుకు సగం తగ్గినట్టే. జనం నడిచే దారికి అడ్డంగా కూర్చుంటే ప్రతివాడూ పక్కకి జరుగుతూ చూస్తాడు. దారికి ఒక పక్కగా, అరుగు మీదో మెట్ల మీదో ఉండండి. మడతకుర్చీ తెచ్చుకుంటే ఒంటికి సుఖమే గానీ, జనం ఆగడానికి అదే మొదటి కారణమవుతుంది.

గీయబోయే మనిషికి ఆరేడు మీటర్ల నుంచి పది మీటర్ల దూరం బాగుంటుంది. మూడు మీటర్ల లోపు ఉంటే మీ చూపు వాళ్లకి తగులుతుంది. నేరుగా ఎదురుగా కాకుండా కాస్త పక్కనుంచి చూడండి. ముఖం కంటే భుజం, వీపు, చేతులు ఎక్కువ కనిపిస్తాయి. వీధి బొమ్మకి కావాల్సినవి అవే. రోడ్డుకి అవతలి వైపు కూర్చుంటే మధ్యలో పోయే ఆటోలు తెరలా పనిచేస్తాయి.

నీడలోనే కూర్చోండి. మన ఎండకి తెల్ల కాగితం కళ్లని కొడుతుంది, లేత గీతలు కనిపించక నొక్కి గీస్తారు, ఇంటికి వచ్చి చూస్తే బొమ్మంతా నల్లగా ఉంటుంది. అరచేతి చెమట కాగితానికి అంటితే అక్కడ ఇంకు పట్టదు. చెయ్యి కింద ఒక చిత్తు కాగితం పెట్టుకోండి.

సంచి భుజానికి ముందువైపు వేసుకోండి, ఫోను జేబులో ఉంచండి. బొమ్మలో మునిగినవాళ్ల వస్తువులు పోవడం తేలిక.

ఇస్త్రీ బండి: పదిహేను నిమిషాల్లో

కదిలే మనుషుల్ని గీయలేమని భయపడేవాళ్లు పని పునరావృతమయ్యే మనిషిని ఎంచుకోవాలి. దోశలు పోసే మాస్టరు, పూలు కట్టే అమ్మ, చెప్పులు కుట్టే తాత, చెట్టు కింద ఇస్త్రీ బండి. చెయ్యి ఎటు వెళ్లినా మళ్లీ అదే చోటికి వస్తుంది. ఇస్త్రీ బండినే తీసుకుందాం. మీరు రోడ్డుకి ఇవతల అరుగు మీద కూర్చున్నారు.

మొదటి నిమిషం గీయొద్దు. చూడండి. ఊపిరి లోపలికి తీసుకున్నదానికంటే నెమ్మదిగా బయటికి వదలండి, నాలుగైదు సార్లు. ఈలోగా అతని పని చుట్టు తెలిసిపోతుంది: నీళ్లు చిలకరించడం, పెట్టె తోయడం, మడవడం, కట్ట మీద పెట్టడం. ఎక్కువసేపు నిలిచే భంగిమ తోసేటప్పటిది. దాన్నే గీస్తాం.

రెండో నిమిషంలో మీ కంటి ఎత్తు గీత. పేజీ మీద అడ్డంగా, కనీకనిపించకుండా. ఇదొక్కటి కుదిరితే మిగతాదంతా దాని మీద వేలాడుతుంది. అరుగు మీద కూర్చున్నవారి కన్ను నేల నుంచి దాదాపు 110 నుంచి 120 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది. అంటే నిలబడ్డవాళ్లందరికీ, దగ్గరున్నా దూరమున్నా, ఆ గీత ఛాతీ దగ్గరే తగలాలి (నేల సమంగా ఉంటే). మీరే నిలబడి గీస్తే అందరి కళ్లూ ఇంచుమించు ఆ గీత మీదే వస్తాయి. గుంపు బొమ్మల్లో మనుషులు గాల్లో తేలుతున్నట్టు, గుంటలో ఉన్నట్టు రావడానికి కారణం ఈ గీత లేకపోవడమే.

తర్వాత బండి బల్ల. కొత్తవాళ్లందరూ ఒకే తప్పు చేసేది ఇక్కడే. బల్ల మీద దుప్పటి పరిచి ఉంది, దాని మీద చొక్కా ఉంది అని మనసుకి తెలుసు కాబట్టి పైనుంచి చూసినట్టు వెడల్పుగా గీసేస్తారు. నిజానికి బల్ల నడుం ఎత్తులో, మీ కంటికి జానెడు కిందే ఉంది. పైభాగం సన్నని పట్టీలా మాత్రమే కనిపిస్తుంది. పెన్ను చేతిలో నిలువుగా పట్టి, చెయ్యి పూర్తిగా చాచి, ఒక కన్ను మూసి, ఆ పట్టీ మందాన్ని బొటనవేలితో కొలవండి. బల్ల పొడవులో అది ఎన్నో వంతో చూస్తే ఆశ్చర్యపోతారు. ఆ కొలతని నమ్మండి, మనసుకి తెలిసినదాన్ని కాదు.

చక్రాలకి ఒక నిమిషం. ఏటవాలుగా చూస్తున్నారు కాబట్టి గుండ్రంగా ఉండవు, నిలువు కోడిగుడ్ల ఆకారంలో ఉంటాయి.

ఆరో నిమిషం నుంచి మనిషి. తల, వెన్ను వంపు, తోసే చెయ్యి, ఈ మూడే ముందు. వెన్ను ఒకే గీతగా పైనుంచి నడుం దాకా లాగండి. అతను మధ్యలో మడవడానికి లేస్తే ఆగి, పేజీ మూలలో ఆ మడిచే భంగిమ మొదలుపెట్టండి. మళ్లీ తోస్తాడు, మళ్లీ మొదటి బొమ్మకి రండి. ఇలా ఒకేసారి రెండు మూడు బొమ్మలు నడపడం అలవాటైతే మనుషులు కదులుతున్నారన్న బాధ పోతుంది. ముఖంలో కళ్లూ ముక్కూ వద్దు; ఆ దూరంలో కనుబొమల నీడ ఒక్కటే తెలుస్తుంది.

పది దాటాక చెట్టు మొదలు, పైన కట్టిన పట్టా, పక్కనున్న బట్టల మూటలు. ఆకులు లెక్కపెట్టకండి, పట్టా అంచు వంకర మాత్రం వదలకండి. ఆఖరి రెండు నిమిషాల్లో నలుపులు: బండి కింద నీడ, బొగ్గుల పెట్టె, మూటల మధ్య సందులు. నలుపు మూడు చోట్ల గట్టిగా పడితే బొమ్మ నేల మీద నిలబడుతుంది. సూర్యుడు గంటకి 15 డిగ్రీలు జరుగుతాడు, కాబట్టి పదిహేను నిమిషాల బొమ్మలో నీడ పెద్దగా మోసం చేయదు. గంట కూర్చునేవాళ్లు మాత్రం నీడల అంచుల్ని మొదట్లోనే గుర్తు పెట్టుకోవాలి.

చోటు, టైము రాయండి. ఆపండి.

జనం వచ్చినప్పుడు

పెద్దవాళ్లు అడిగే మొదటి ప్రశ్న చాలాసార్లు కళ గురించి ఉండదు. "మున్సిపాలిటీ నుంచా?", "సర్వేనా సార్?" అంటారు. తమ కొట్టు వైపు చూస్తూ పుస్తకంలో ఏదో రాసేవాళ్లంటే రోడ్డు వెడల్పు పనో, పన్నో అని వాళ్ల భయం. ఆ భయం మీ బెరుకు కంటే పెద్దది. వెంటనే పేజీ వాళ్లవైపు తిప్పి, "బొమ్మ వేసుకుంటున్నానండి, మీ చెట్టూ బండీ బాగున్నాయని" అనండి. మాటల కంటే పేజీయే ఎక్కువ చెబుతుంది. దాచిపెడితేనే అనుమానం.

తొంగిచూసేవాళ్లలో ఎక్కువమంది మెచ్చుకుంటారు. గీయడం రానివాళ్లకి మీ వంకర గీత కూడా వింతే. "ఇది నేనేనా?" అని నవ్వుతారు. "మంచిగుంది అన్నా" అని పోతారు. మీరు తల ఊపి "థాంక్స్ అండీ" అని గీస్తూనే ఉండండి. చెయ్యి ఆపి మాటల్లో పడితే పది నిమిషాలు పోతాయి. తప్పు పట్టేవాళ్లు కూడా ఉంటారు: "చక్రం అలా ఉండదు బాబూ." ఒకసారి తలెత్తి చక్రం వంక చూడండి. బండి ఆయనదైతే చాలాసార్లు ఆయన చెప్పిందే నిజం.

"నా బొమ్మ గియ్యవా?" అని పిల్లలు పట్టుకుంటే, "ఇప్పుడు ఈ బండి అయిపోనీ" అని పనిలో ఉండిపోవచ్చు. ఓపిక ఉంటే చిత్తు కాగితం మీద రెండు నిమిషాల్లో ఒకటి గీసి వాళ్లకే ఇచ్చేయండి. పుస్తకంలో గీస్తే ఆ పేజీ చింపి ఇమ్మంటారు, మీ పుస్తకం జత ఆకులు కూడా పోతాయి. పిల్లల ముఖం పోలికలతో గీయాలంటే పక్కనున్న పెద్దవాళ్లని అడిగి గీయండి.

"ఎంత తీసుకుంటావ్?" అనేది ఎక్కువమందిని ఇబ్బంది పెట్టే ప్రశ్న. "నేర్చుకుంటున్నానండి" అంటే సరిపోతుంది. "పుస్తకం మొత్తం చూపించు" అన్నవారికి ఇష్టమైతేనే ఇవ్వండి. పాత పేజీలన్నిటికీ కలిపి ఒక రబ్బరు బ్యాండు వేసుకుంటే ఈ రోజు పేజీ మాత్రమే తెరుచుకుంటుంది, ఎదుటివారూ దాన్ని గౌరవిస్తారు.

మీరు గీస్తున్న మనిషి చూసేశారనుకోండి. చూపు తిప్పుకుని దొంగలా పుస్తకం మూయడం అన్నిటికంటే చెడ్డ పని. నవ్వి, పుస్తకం కాస్త ఎత్తి చూపండి. వాళ్లు మొహం తిప్పుకున్నా, చెయ్యి అడ్డం పెట్టుకున్నా అక్కడితో ఆపేసి, "సరేనండి, వేయను" అని చెప్పాలి. బొమ్మ గీయడం మన సరదా, ఆ కొట్టూ ఆ రోడ్డూ వాళ్ల బతుకు. నిద్రపోతున్నవాళ్లని, ఏడుస్తున్నవాళ్లని, ఆసుపత్రి వరండాల్లో ఉన్నవాళ్లని గీయకపోవడం మంచిది.

హెడ్‌ఫోన్లు పెట్టుకుంటే ఎవరూ పలకరించరని కొందరు చెబుతారు. హోటల్లో పనికొస్తుంది. రోడ్డు మీద వద్దు, వెనకనుంచి వచ్చే బండి హారన్ వినబడాలి.

ఆడవాళ్లకి

ఆడపిల్ల ఒంటరిగా కూర్చుని గీస్తుంటే బొమ్మ కోసం కాకుండా మనిషి కోసం ఆగేవాళ్లుంటారు. ఇది బెరుకు కాదు, జాగ్రత్త. దాన్ని "పోగొట్టుకోవాల్సిన" పనే లేదు. ఆడవాళ్లు ఎక్కువగా కనిపించే చోట్లతో మొదలుపెట్టండి: ఉదయం రైతుబజారు, గుడి బయట పూల కొట్ల వరస, మెట్రోలో ఆడవాళ్లకి కేటాయించిన భాగం. ఒక కొట్టు దగ్గర ఏదైనా కొని, "అమ్మా, ఇక్కడ కాసేపు కూర్చుని బొమ్మ వేసుకోనా?" అని అడిగితే ఆ కొట్టావిడే కాపలా అవుతుంది. పనికిమాలినవాళ్లు వస్తే ఆవిడే మాట్లాడుతుంది. మొదటి నెల జతగా వెళ్లడం మేలు. వాతావరణం నచ్చకపోతే బొమ్మ సగంలో ఉన్నా లేచి వచ్చేయండి. పది నిమిషాల నియమం ఇక్కడ వర్తించదు.

గీయకూడని చోట్లు

నేవీ, ఆర్మీ స్థలాల గోడలు, గేట్లు, విమానాశ్రయ భద్రతా ప్రాంతాలు గీయొద్దు. విశాఖలో, సికింద్రాబాద్ కంటోన్మెంట్ వైపు దీన్ని గట్టిగా గుర్తుంచుకోండి. గర్భగుడి దగ్గర పుస్తకం తీయకండి. కోనేటి మెట్ల మీద కూర్చునే ముందు కూడా అక్కడున్నవారిని ఒక మాట అడగండి. సెక్యూరిటీ మనిషి వద్దంటే వాదించకుండా పేజీ చూపించి పక్కకి జరగడమే. తరచూ పది అడుగులు జరిగితే అదే దృశ్యం ఇంకా బాగా కనిపిస్తుంది.

జతగా, గుంపుగా

ఇద్దరు కలిసి గీస్తుంటే జనం చూపు చెరిసగమవుతుంది, నలుగురైతే అదొక పనిలా కనిపిస్తుంది. 2007లో సియాటిల్ పత్రికా చిత్రకారుడు గాబ్రియేల్ కాంపనారియో ఆన్‌లైన్లో మొదలుపెట్టిన అర్బన్ స్కెచర్స్ బృందం ఇప్పుడు దేశదేశాల నగరాల్లో ఉంది. అక్కడికక్కడే చూసి గీయడం వాళ్ల మొదటి నియమం. అలాంటి గుంపు మీ ఊళ్లో లేకపోతే ఒక్క స్నేహితుడు చాలు. అయితే పక్కపక్కన కాకుండా ఐదారు అడుగుల దూరంలో కూర్చోండి, లేకపోతే గంటంతా కబుర్లకే సరి. పుస్తకాలు చివర్లో మార్చుకుని చూసుకోండి. మధ్యలో చూస్తే పోలిక మొదలై చెయ్యి మళ్లీ బిగుస్తుంది.

ఆరేడు వారాలకి: చార్మినార్

మెట్లన్నీ ఎక్కినవాళ్లు ఒక పెద్ద కట్టడం ముందు కూర్చుని చూడాలి. హైదరాబాద్ దగ్గరున్నవాళ్లకి చార్మినార్ ఉంది. జనం తక్కువగా, ఎండ చల్లగా ఉండే తెల్లవారుజామున వెళ్లండి. కొట్లు ఇంకా తెరవరు కాబట్టి ఏ మూసిన షట్టరు ముందు మెట్టయినా కూర్చోవడానికి పనికొస్తుంది.

1591లో కట్టిన ఈ కట్టడాన్ని కొత్తవాళ్లు దాదాపు ఎప్పుడూ పొట్టిగా గీస్తారు. కమాను పెద్దగా కనిపించి చూపు కిందే ఉండిపోతుంది, పేజీలో పైకి చోటు మిగలదు. ఒక్కో ముఖం వెడల్పు 20 మీటర్లు, మినార్ల ఎత్తు 48.7 మీటర్లు. ఎదురుగా చూస్తే ఎత్తు వెడల్పుకి రెండున్నర రెట్లకి కాస్త తక్కువ. మూల నుంచి చూస్తే రెండు ముఖాలు కలిసి దాదాపు 28 మీటర్లు పరుచుకుంటాయి కాబట్టి ఎత్తు ఒకటిన్నర రెట్లు దాటుతుందంతే. దగ్గరనుంచి తలెత్తి చూస్తే పైభాగం ఇంకా కుంచించుకుపోతుంది, అందుకే రోడ్డు వెంట వీలైనంత వెనక్కి వెళ్లి కూర్చోండి.

పుస్తకం నిలువుగా పట్టుకుని, ముందు మినార్ల కొసలకి పేజీ పైన చుక్కలు, నేలకి కింద ఒక గీత పెట్టేయండి. ఆ రెంటి మధ్యే బొమ్మంతా సరిపెట్టాలి. తర్వాత కమాను, ఆ తర్వాత అంతస్తుల అడ్డగీతలు. కింద నడిచే మనుషులు ఎంత చిన్నగా వస్తే కట్టడం అంత పెద్దదవుతుంది, కాబట్టి వాళ్లని గోరంత ఎత్తు మించనివ్వకండి. చాయ్ తాగుతూ మీ పక్కన ఎవరో వచ్చి నిలబడేసరికి బాల్కనీ దాకా వచ్చి ఉంటారు. పావురాలు అన్నిటికంటే ఆఖరున.